టర్బో బండి కక్కే నూనె

పలాస, టెక్కలి, ఉద్దానం దారుల్లో ఏళ్ల తరబడి తిరిగే కార్లకు ఆయిల్ క్యాచ్ క్యాన్ ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు చేటు తెస్తుంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారు షికారు బండి కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఒక ఇంటి ముందు స్విఫ్టో, బొలెరోనో, పాత ఇన్నోవానో ఉందంటే అది ఆ వీధి మొత్తానికీ అక్కరకొచ్చే బండి. కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్లేది అదే. పెళ్లి బట్టలకు బరంపురం తీసుకెళ్లేదీ అదే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచాక ఆ రోగులకు దూరాభారం కొంత తగ్గింది. అయినా అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే చాలామంది చూపు విశాఖ కేజీహెచ్ వైపే. పలాస నుంచి అది రెండువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. 16వ నంబరు జాతీయ రహదారి మీద, చీకట్లో, వెనక సీట్లో మనిషి మూలుగుతుంటే బండి ఆగకూడదు.

నేను పేర్లు చెప్పిన ఆ మూడింటి డీజిల్ ఇంజిన్లూ టర్బోవే. పైగా వయసు మీదపడుతున్నవి. బీఎస్ 6 నిబంధనలు అమల్లోకి వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి మారుతీ డీజిల్ కార్లు చేయడం మానేసింది; రోడ్డు మీద కనిపించే స్విఫ్ట్ డీజిళ్లన్నీ అంతకు ముందువే. పాత ఇన్నోవా తయారీ 2016లో క్రిస్టా వచ్చినప్పుడే ఆగింది. ఈ బండ్లను అమ్మేసి కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నదాన్నే ఇంకో లక్ష కిలోమీటర్లు లాగాలి. కాశీబుగ్గలోనైనా టెక్కలిలోనైనా మెకానిక్ షెడ్డులో ఈ బండ్ల గురించి వినిపించే మాట ఇలా ఉంటుంది: “బండి ఆయిలు తాగేస్తంది బాబూ, పొగ మాత్రం రాట్లేదు. ఏటి కారణం?”

మెకానిక్ టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు ఊడదీస్తాడు. లోపలినుంచి నల్లటి నూనె కారుతుంది. చూడగానే ఓనరుకు గుండె జారిపోతుంది, టర్బో పోయిందనుకుంటాడు. టర్బో మార్చడమంటే తేలిగ్గా తేలే ఖర్చు కాదు గనక ఆ భయంలో తప్పులేదు. కానీ చాలాసార్లు టర్బో బాగానే ఉంటుంది. ఆ నూనె వచ్చింది ఇంజిన్ పైకప్పు మీది బ్రీదర్ పైపులోంచి. ఈ మధ్య ఫోన్లలో వీడియోలు చూసిన కుర్రాళ్లు దానికి మందుగా, ఆ పైపు మధ్యలో బిగించి నూనెను పట్టే ఒక అల్యూమినియం డబ్బా పేరు చెబుతున్నారు. అదే ఆయిల్ క్యాచ్ క్యాన్. దాన్ని సోకుగా చూసేవాళ్లున్నారు, సర్వరోగ నివారిణిగా చూసేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అది రెండూ కాదు. సరైన బండికి సరిగ్గా బిగిస్తే ఆయుష్షు పెంచే చిన్న వస్తువు. తప్పుగా బిగిస్తే, లేకుండా ఉంటేనే మేలనిపించే వస్తువు.

ఇంజిన్ లోపలి గాలి

పిస్టన్ చుట్టూ రింగులు ఎంత కొత్తవైనా, సిలిండరు గోడకూ వాటికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండక తప్పదు. టర్బో డీజిల్లో ఇంధనం మండినప్పుడు సిలిండరులో ఒత్తిడి వంద బార్ దాటిపోతుంది. ఆ ఒత్తిడికి మండిన వాయువు కొంత రింగులను దాటి కింది ఆయిల్ చాంబరులోకి దిగుతుంది. మెకానిక్‌లు బ్లో-బై అనేది దీన్నే. కింద క్రాంక్ నిమిషానికి వేలసార్లు తిరుగుతూ నూనెను చిలుకుతుంటుంది. దిగిన వాయువు ఆ నూనె తుంపరను, ఇంధనపు ఆవిరిని, నీటి ఆవిరిని తనతో కలుపుకుని పైకి లేస్తుంది. దానికి దారి చూపకపోతే ఒత్తిడి పెరిగి క్రాంక్ సీళ్లలోంచి నూనె బయటికి తన్నుతుంది, డిప్‌స్టిక్ పైకి లేస్తుంది. అందుకే ప్రతి ఇంజిన్‌కూ ఊపిరి వదిలే గొట్టం, అంటే బ్రీదర్ పైపు, పెడతారు.

ఒకప్పుడు ఆ గొట్టాన్ని బండి కిందికి వేలాడదీసి వదిలేసేవారు. బీఎస్ 6కు ముందు వచ్చిన లారీల్లో చాలావాటికి ఇప్పటికీ అంతే. టెక్కలి నుంచి గ్రానైటు దిమ్మలతో బయల్దేరే పాత లారీ కాసేపు ఆగితే ముందుభాగం కింద నేల మీద నూనె మచ్చ మిగులుతుంది. అమెరికాలో పాత కాంక్రీటు రోడ్ల మీద ప్రతి వరసకూ మధ్యలో నల్లటి చార ఉండేది. అందులో ఈ గొట్టాల్లోంచి రాలిన నూనె పాలు పెద్దది. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మేసిన పొగమంచుకు కార్ల పొగే కారణమని నెదర్లాండ్స్‌లో పుట్టిన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో తేల్చిన తర్వాత అందరి దృష్టీ ఈ గొట్టం మీద కూడా పడింది. కాలిఫోర్నియాలో అమ్మే 1961 మోడల్ కార్ల నుంచి ఆ వాయువును మళ్లీ ఇంజిన్‌కే తాగించే పీసీవీ వాల్వు వచ్చింది. కార్ల కాలుష్యాన్ని తగ్గించడానికి పెట్టిన మొదటి పరికరం అదే. గాలి శుభ్రపడింది. నూనె మాత్రం రోడ్డు మీద పడటం మాని ఇంజిన్ గాలి దారిలో పేరుకోవడం మొదలుపెట్టింది.

టర్బో వచ్చాక ఆ దారి పొడవైంది. 1905లోనే స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖీ పేటెంటు తీసుకున్న ఊహ ఇది: వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, దాని ఇరుసుకే ఉన్న ఇంకో చక్రంతో ఇంజిన్‌లోకి గాలి దట్టించడం. డీజిల్ కారులో బ్రీదర్ పైపు టర్బో నోటి దగ్గర, గాలి పీల్చే వైపు కలుస్తుంది. అక్కడ ఎప్పుడూ లాగుడు ఉంటుంది. నూనె తుంపర టర్బో గుండా పోయి, పైపుల్లో సాగి, ఇంటర్‌కూలర్ అడుగున చల్లబడి మడుగు కడుతుంది. దాన్ని దాటిపోయినది సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డులో, పొగను కొంత మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు వదిలే మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన డీజిల్ మానిఫోల్డు విప్పి చూడండి. వేలు దూరాల్సిన చోట పెన్సిలు దూరడమే కష్టంగా ఉంటుంది. పికప్ పడిపోయిందని ఇంజెక్టర్లు, పంపు మార్చుకుంటూ పోయేవాళ్లు ముందు అక్కడ చూడాలి.

పెట్రోల్ టర్బోల కథ వేరు

కొత్తగా వస్తున్న చిన్న పెట్రోల్ టర్బోల్లో సమస్య ఇంకో చోట ఉంది. పాత పద్ధతిలో పెట్రోలును ఇన్‌టేక్ వాల్వు వెనక చల్లేవారు. ఆ పెట్రోలే వాల్వును కడుగుతూ ఉండేది. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్‌లలోని ఒక లీటరు టర్బో, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్ఐ, మారుతీ బూస్టర్‌జెట్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 పెట్రోలు - ఇవన్నీ పెట్రోలును నేరుగా సిలిండరులోకే కొడతాయి. కడిగే చెయ్యి లేకపోవడంతో బ్రీదర్ నుంచి వచ్చే నూనె వేడి వాల్వుల మీద మాడి బొగ్గుగా పేరుకుంటుంది. ఈ తిప్పలు తగ్గేలా ఫోర్డ్ తన 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజిన్‌కు 2017 మోడల్ నుంచి రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టింది. టాటా నెక్సాన్ 1.2 టర్బో మాత్రం పాత పద్ధతిలోనే వాల్వు వెనక పెట్రోలు చల్లుతుంది గనక దానికి ఈ బాధ తక్కువ. కారు కొన్న కుర్రాడు డబ్బా కొనేముందు తన ఇంజిన్ ఏ రకమో తెలుసుకోవడం అందుకే ముఖ్యం.

పేరుకున్న ఆ బొగ్గును వదిలించడానికి పెద్ద ఊళ్లలో అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో వాల్వుల మీదికి కొడతారు. లోహాన్ని గీరకుండా బొగ్గును మాత్రం రాల్చేంత గట్టిదనం ఆ పెంకుకు ఉంది. జీడిపప్పు ఊరైన పలాసలో పెంకులకు కరువు లేదు గదా అనిపిస్తుంది. కానీ జీడిపెంకు ఈ పనికి రాదు, దాని నిండా జిగట నూనె. ఆ నూనె మరో దారిలో కారుకు పనికొస్తోంది. జీడిపెంకు నూనె నుంచి తీసిన పదార్థాన్ని బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో రాపిడి కోసం కలుపుతారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో బ్రేకు తొక్కే మనుషులకు జీడితోటల ఊళ్ల పేర్లు తెలియకపోయినా, ఆ తోటల నూనె వాళ్ల కాలి కింద పనిచేస్తూనే ఉంది.

నేరుగా కొట్టే పెట్రోల్ టర్బోలకు ఇంకో గండం కూడా ఉంది. మైలేజీ ఆశతో అయిదో గేరులో, తక్కువ వేగంలో, ఏసీ వేసి నిండు బండిని ఫ్లైఓవర్ ఎక్కిస్తుంటారు. ఆ బరువులో సిలిండరులోకి చేరిన నూనె చుక్క ఒకటి ప్లగ్గు నిప్పు కొట్టకముందే అంటుకోవచ్చు. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు పడే దెబ్బ అది. రింగుల మధ్య గట్టు పగిలిపోతుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణం ఈ ముప్పును కూడా దృష్టిలో పెట్టుకుని చేసినదే. ఆ అక్షరాలున్న ఆయిలు డబ్బా కొనడం, బరువు లాగేటప్పుడు ఒక గేరు తగ్గించడం - క్యాచ్ క్యాన్ కంటే ముందు చేయాల్సిన ఈ రెండు పనులకూ విడిగా ఖర్చేమీ లేదు.

టెక్కలి దుమ్ము, బారువ ఉప్పుగాలి

ఇక్కడ తిరిగే బండ్లకు ఇక్కడివే కొన్ని ఇబ్బందులున్నాయి. టెక్కలి చుట్టుపక్కల క్వారీ దారుల్లో గ్రానైటు దుమ్ము లేస్తూనే ఉంటుంది. మూలపేట పోర్టు పనులు మొదలయ్యాక ఆ వైపూ బరువు వాహనాలు పెరిగాయి. దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు పూడిపోతే టర్బో గాలి కోసం ఇంకా గట్టిగా లాగుతుంది. ఆ లాగుడు బ్రీదర్ పైపు మీద పడి, మామూలుగా రావాల్సిన దానికంటే ఎక్కువ నూనెను పీల్చేస్తుంది. ఫిల్టరు మార్చడానికి కారు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క ఈ దారులకు చెల్లదు. నూనె తాగుతున్న బండికి మొదటి మందు కొత్త ఎయిర్ ఫిల్టరు. అది మార్చి వెయ్యి కిలోమీటర్లు తిప్పి, డిప్‌స్టిక్ మళ్లీ చూసుకున్నాకే డబ్బా మాట ఎత్తాలి.

బారువ, కవిటి వైపు ఇబ్బంది తేమది. పొద్దున్నే సోంపేట దాకా పోయి వెనక్కి వచ్చే చిన్న చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి నీటి ఆవిరి బయటికి పోక నూనెతో కలిసి లేత గోధుమరంగు మీగడలా మారుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఆయిల్ క్యాప్ కింద అది కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. రేడియేటరు నీళ్లు తగ్గుతున్నాయా లేదా చూడాలి. తగ్గకపోతే అది ఉత్త తేమే. క్యాచ్ క్యాన్ ఉన్న బండిలో ఆ నీరు డబ్బాలోకి వస్తుంది గనక ఆ నెలల్లో దాన్ని తరచుగా వంచాలి. ఉప్పుగాలికి ఇనుప బ్రాకెట్లు, చౌక క్లిప్పులు తుప్పు పట్టి ఊడిపోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులకు పెట్టే నాలుగు డబ్బులు ఇక్కడ వృథా కావు.

బిగించే ముందు, బిగించేటప్పుడు

మొదట ఇంజిన్ పరిస్థితి తేల్చుకోవాలి. బండి వేడెక్కాక ఇంజిన్ ఆపకుండానే ఆయిల్ క్యాప్ తిప్పి వదులుగా తలకిందులుగా పెట్టండి. కాస్త వణికితే ఫర్వాలేదు. ఎగిరిపడుతూ, కింద నుంచి పొగ గుప్పుమంటుంటే రింగులు అరిగినట్టు అనుమానించాలి. అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించడమే దారి. రింగులు పోయిన ఇంజిన్‌కు క్యాచ్ క్యాన్ పెట్టడం రోగాన్ని దాచుకోవడమే. రెండు మూడు వందల కిలోమీటర్లకే డబ్బా నిండిపోతుంది, నిండినది చూడకపోతే ఆ నూనె అంతా ఒక్కసారిగా టర్బోలోకి పోతుంది.

ఇంజిన్ బాగుందని తేలితే డబ్బా ఎంచుకోవాలి. పైకి మెరిసే డబ్బాల్లో చాలావాటి లోపల ఏమీ ఉండదు, ఖాళీ గుల్ల. వాయువు ఒక గొట్టంలో వచ్చి రెండో గొట్టంలో అలాగే పోతుంది. పనిచేసే డబ్బాలో వాయువును మలుపులు తిప్పే అడ్డుపలకలు, సన్నని స్టీలు జాలీ ఉంటాయి. ఉడికే అన్నం గిన్నె మూతకు ఆవిరి చెమర్చినట్టు, నూనె తుంపర ఆ చల్లటి లోహానికి తగిలి చుక్కలై అడుక్కి దిగుతుంది. కొందరు ఖాళీ డబ్బాలో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కుతారు. దయచేసి ఆ పని చేయకండి. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే టర్బో చక్రానికి ఒక్క పీచు ముక్క తగిలితే చాలు, రెక్క విరిగిపోతుంది.

డీజిల్ కారులో బిగింపు తేలిక. ట్యాపెట్ కవరు నుంచి టర్బో నోటికి పోయే పైపు సాధారణంగా ఒక్కటే. దాని మధ్యలో డబ్బా వస్తుంది. పెట్రోల్ టర్బోలో దారులు రెండు. మామూలుగా నడిచేటప్పుడు వాయువు పీసీవీ వాల్వు గుండా మానిఫోల్డులోకి పోతుంది. టర్బో దట్టిస్తున్నప్పుడు మానిఫోల్డులో ఒత్తిడి ఎదురు తిరుగుతుంది గనక ఆ వాల్వు మూసుకుని, వాయువు రెండో పైపులోంచి టర్బో వైపు మళ్లుతుంది. ఏ దారిలో నూనె ఎక్కువ వస్తోందో పైపులు ఊడదీసి చూడకుండా, దొరికిన పైపుకు డబ్బా తగిలించి వదిలేస్తే సగం పని కూడా జరగదు. పీసీవీ వైపు పెట్టే డబ్బా, పైపులు ఆ లాగుడుకు నొక్కుకుపోనివై ఉండాలి.

డబ్బా వేడికి దూరంగా ఉండాలి. టర్బో, సైలెన్సరు పక్కన పెడితే నూనె ఆవిరిగానే దాటిపోతుంది. హెడ్‌లైటు వెనకో, బ్యాటరీ పక్కనో ముందుగాలి తగిలే చోటు మంచిది. కొత్త పైపు లోపలి వ్యాసం కంపెనీ పైపుకంటే ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గకూడదు. తగ్గితే ఇంజిన్‌కు ఊపిరాడక సీళ్లు పోతాయి. నీళ్ల పైపు, వాషింగ్ మెషిన్ పైపు, చివరికి రంగురంగుల సిలికాన్ పైపు కూడా వేడి నూనెకు మెత్తబడి చీలిపోతాయి. నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు అడిగి తెచ్చుకోవాలి. మధ్యలో ఎక్కడా ఊయలలా జారకుండా వాలుగా కట్టాలి, జారిన చోట నూనె నిలిచి పైపు మూసుకుపోతుంది. జాయింట్లలో గాలి లీకైతే గాలి కొలిచే సెన్సరు లెక్క తప్పి డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది. ఇంత జాగ్రత్తగా బిగించే ఓపిక ఉన్న మెకానిక్ దొరకకపోతే ఆ పని మానుకోండి. ఆ డబ్బుతో ఇంటర్‌కూలర్ విప్పించి కడిగించుకోవడం, ఆయిలు రెండు వేల కిలోమీటర్లు ముందుగా మార్చుకోవడం మేలు.

రెండో పైపును తిరిగి ఇంజిన్‌కు కలపకుండా గాలికి వదిలేసే అలవాటు ఒకటి ఉంది. రేసు కార్లలో అలా చేస్తారు. అంతర్జాతీయ మోటారు క్రీడల నిబంధనలు ట్రాకు మీద నూనె పడకుండా రెండు లీటర్ల లోపు ఇంజిన్లకు 2 లీటర్ల డబ్బా, ఆపై వాటికి 3 లీటర్ల డబ్బా పెట్టమంటాయి. అది ట్రాకు సంగతి. రోడ్డు మీద తిరిగే కారులో ఈ వాయువును బయటికి వదలడమంటే పొగ నియంత్రణ ఏర్పాటును తెంచడమే. దాని వాసన ఏసీ గుండా లోపలికి వస్తుంది. డయాలసిస్ చేయించుకుని నీరసంగా తిరిగివచ్చే మనిషి ఆ గాలి పీల్చాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వారంటీ ఉన్న కారైతే ముందు షోరూములో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

డబ్బా చెప్పే సంగతులు

ఈ డబ్బాలో నాకు అన్నిటికంటే విలువగా కనిపించేది అది పట్టే నూనె కంటే అది చెప్పే కబురు. బిగించిన అయిదువందల కిలోమీటర్లకు మొదటిసారి విప్పి, వచ్చినదాన్ని ఒక సీసాలో పోసి గుర్తు పెట్టండి. తర్వాత ప్రతి రెండు వేలకూ అదే సీసాలో కొలవండి. ప్రతిసారీ ఒకే మట్టంలో వస్తుంటే ఇంజిన్ స్థిరంగా ఉన్నట్టు. ఉన్నట్టుండి రెట్టింపైతే రింగులో, ఎయిర్ ఫిల్టరో, ఎక్కువ పోసిన ఆయిలో - ఏదో ఒకటి మొరాయిస్తోంది. వాసనలో డీజిలు, పెట్రోలు ఘాటు ఎక్కువైతే ఇంజెక్టరు కారుతోందేమో చూడాలి. నీరు వస్తూ, రేడియేటరులో మట్టం తగ్గుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ అనుమానం నిజం.

డీజిల్ బండి నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన ప్రమాదం ఒకటుంది. టర్బో సీలు పోయినా, ఇంటర్‌కూలర్లో నిలిచిన నూనె మడుగు ఒక్కసారిగా కదిలినా, డీజిల్ ఇంజిన్ తన నూనెనే ఇంధనంగా కాల్చుకుంటూ అదుపు తప్పి పరుగెడుతుంది. తాళం తీసినా ఆగదు. తెల్లపొగ కమ్మేస్తుంది. మాన్యువల్ గేరు బండైతే పై గేరు వేసి, బ్రేకు బలంగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను బలవంతంగా ఆపాలి. అది కుదరకపోతే మనుషుల్ని దింపి దూరంగా వెళ్లాలి. గాలి పీల్చే నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు. క్యాచ్ క్యాన్ సీలు పోయిన టర్బోను ఆపలేదు. ఇంటర్‌కూలర్లో మడుగు కట్టకుండా మాత్రం చూడగలదు, నూనె పెరుగుతోందని ముందే చెప్పగలదు.

డబ్బాలోంచి తీసిన ద్రవాన్ని తిరిగి ఇంజిన్‌లో పోయకూడదు. అందులో నీరు, ఆమ్లాలు, కాలని ఇంధనం ఉంటాయి. కాలువలో, కొబ్బరితోటలో పారబోయడం అంతకంటే పెద్ద తప్పు. కిడ్నీ జబ్బులకు నీళ్లే కారణమేమోనని తాగే నీటి మీద ఇన్నేళ్లుగా అనుమానంతో బతికి, చివరికి హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చిన ప్రాంతం ఇది. షెడ్డుల్లో వాడిన ఆయిలు పీపా ఉంటుంది. అందులోనే పోయాలి.

ఈ తీరంలో టర్బో కార్లు ఎంత నూనె కక్కుతున్నాయో, వానాకాలానికీ వేసవికీ తేడా ఎంతో, క్వారీ దారి బండికీ సముద్రపు ఒడ్డు బండికీ మధ్య అంతరమెంతో కొలవడం పెద్ద ఖర్చుతో పని కాదు. టెక్కలిలో ఆదిత్య ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, అందులో మెకానికల్ పిల్లలున్నారు. పది ట్యాక్సీలు, పది డబ్బాలు, పది గుర్తుపెట్టిన సీసాలు ఉంటే ఒక ఏడాదిలో లెక్క చేతికొస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం బయట ఎక్కడో వెతుక్కునే బదులు కాలేజీ గేటు ముందు ఆగే ట్యాక్సీ డ్రైవర్లతోనే మొదలుపెట్టొచ్చు.